గీసినవారే ముందు గెంతాలి

తొక్కుడుబిళ్ళ ఆడటానికి నేల మీద గళ్ళు గీసే పని మీలో చాలామంది చేసే ఉంటారు. సుద్దతోనో, బొగ్గుముక్కతోనో, ఏదీ దొరక్కపోతే పుల్లతోనో గీస్తారు. గళ్ళు మరీ చిన్నవైతే ఆటలో మజా ఉండదు. మరీ పెద్దవైతే చిన్నపిల్లలు గెంతలేరు. మా చిన్నతనంలో మా వీధిలో పొడుగుకాళ్ళ కుర్రవాడొకడు ఉండేవాడు. వాడు గీసే గళ్ళు వాడి కాళ్ళకు తప్ప మరెవరి కాళ్ళకూ అందేవి కావు. చివరకు పిల్లలందరూ కలిసి ఒక కట్టుబాటు చేశారు. అదేమిటంటే, గళ్ళు గీసినవారే ముందు గెంతి చూపించాలి. వాడు అవలీలగా గెంతి చూపించాడు. మేము మాత్రం ఎప్పటిలాగే బోర్లా పడ్డాం!

ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, సరిగ్గా ఇలాంటి కట్టుబాటే జపాను దేశంలో తయారైన ఒక వీడియో ఆటలో కూడా ఉన్నది. దానితోపాటు ఇదే చిక్కు కూడా వచ్చింది.

ముందు ఆ ఆటలు ఎలాంటివో చెప్పుకుందాం. తెర మీద ఒక చిన్న బొమ్మమనిషి ఉంటాడు. ఒక బటను నొక్కితే నడుస్తాడు, మరొకటి నొక్కితే ఎగురుతాడు. అతని దారిలో అరుగులూ, గోతులూ, గోడలూ, ఎదురువచ్చే జంతువులూ ఉంటాయి. అరుగు మీదనుంచి అరుగు మీదికి ఎగురుతూ, గోతులు దాటుతూ, చివర ఉన్న జెండాను చేరాలి. వీటిని ప్లాట్‌ఫారం ఆటలు అంటారు. ఇక్కడ ప్లాట్‌ఫారం అంటే రైలు ఆగేది కాదు. ఎగిరి నిలబడే అరుగు. మొదటినుంచి జెండా దాకా ఉండే ఒక్కొక్క దారినీ ఒక లెవెల్ అంటారు.

ఈ బొమ్మమనుషులందరిలోకీ పేరుమోసినవాడు మారియో. ఎర్రటోపీ, గుబురుమీసాలు గల మనిషి. 'సూపర్ మారియో బ్రదర్స్' అనే ఆటను క్యోటో నగరంలోని నింటెండో కంపెనీ 1985లో విడుదల చేసింది. షిగెరు మియమోతో, తకాషి తెజుకా అనే ఇద్దరు దాని లెవెళ్ళను రూపొందించారు. వారు కంప్యూటరు ముందు కూచుని కాదు, గళ్ళకాగితం మీద పెన్సిలుతో గీశారు. ఇక్కడ గొయ్యి, ఇక్కడ ఇటుకలు, ఇక్కడ గొట్టం అని గుర్తులు పెట్టి, ఆ కాగితాలను ప్రోగ్రాము రాసేవారికి ఇచ్చేవారు.

ఆ ఆటలో 32 లెవెళ్ళున్నవి. అవన్నీ కలిసి, బొమ్మలతో సహా, 40 కిలోబైట్ల చోటులో ఇమడాలి. ఈనాడు సెల్‌ఫోనుతో తీసిన ఒక్క ఫోటో అంతకన్న ఎన్నో రెట్లు పెద్దదిగా ఉంటుంది! అందుచేత వారు పిసినిగొట్టు సంసారం చెయ్యవలసి వచ్చింది. ఆ ఆటలో ఆకాశంలో ఉండే మబ్బులనూ, నేల మీద ఉండే పొదలనూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ ఒకే బొమ్మ. తెల్లరంగు వేస్తే మబ్బు, ఆకుపచ్చరంగు వేస్తే పొద.

ఇక మొదటి లెవెల్ ఎంత తెలివిగా గీశారో చూడండి. ఆట మొదలయ్యేసరికి మారియో తెరకు ఎడమవైపున నిలబడి ఉంటాడు. కుడివైపున అంతా ఖాళీ. ఎవరూ చెప్పకపోయినా మీరు కుడివైపుకే నడుస్తారు. కొంచెం నడిచేసరికి ప్రశ్నార్థకం గుర్తు ఉన్న పెట్టె ఒకటి గాలిలో కనబడుతుంది. దాని కిందినుంచి పుట్టగొడుగులాంటి తలకాయతో గూంబా అనే జంతువు మీ మీదికి వస్తుంది. మీరు ఊరుకుంటే అది తగిలి మారియో చస్తాడు. అయితే నష్టమేమీ లేదు, ఆట అప్పుడే గదా మొదలయింది! రెండోసారి మీరు ఎగురుతారు. ఎగిరి దాని మీద పడితే అది అణిగిపోతుంది. లేదా తలకాయ పెట్టెకు తగిలి నాణెం రాలుతుంది. ఆ తరవాతి పెట్టెల వరసలో ఒకదానినుంచి పుట్టగొడుగు వస్తుంది. అది కుడివైపుకు జారి, కింద పడి, గొట్టానికి కొట్టుకుని, తిరిగి మీ వైపుకే వస్తుంది. దాన్ని చూసి మళ్ళీ శత్రువేమోనని భయపడి తప్పించుకోబోతారు. కాని పైన ఇటుకలు అడ్డం. తప్పించుకోవటం కష్టం. అది తగలగానే మారియో చచ్చిపోవటానికి బదులు రెండింతలవుతాడు. అది మంచిదని మీకు తెలిసిపోతుంది.

ఆ లెవెల్ చివర్లో మరొక తమాషా ఉన్నది. ఎదురెదురుగా రెండు మెట్లవరసలు వస్తాయి. వాటి మధ్య గట్టినేల. ఎగిరి దాటటం తప్పినా ప్రాణానికి భయం లేదు. కొంచెం ముందుకు పోతే అలాంటివే మళ్ళీ రెండు వరసలు. ఈసారి మధ్యలో గొయ్యి! ఇంతకు ముందే అభ్యాసం అయింది గనక మీరు ధైర్యంగా దూకుతారు. చూశారా? తెర మీద ఒక్క అక్షరం రాయకుండానే ఆట ఎలా ఆడాలో నేర్పేశారు. అంటే ఆ కాగితం మీద గీసినవారికి, తాము ఎన్నడూ చూడని పిల్లవాడు ఎక్కడ ఏమనుకుంటాడో ముందే తెలుసునన్నమాట.

ఇలాంటి లెవెళ్ళు కంపెనీవారే ఎందుకు గియ్యాలి, మనం గియ్యగూడదా అని ఆడేవారికి అనిపించటం సహజమే. ఆ కోరిక మారియో కన్న ముందే తీరింది. 1983లో అమెరికాలో డగ్ స్మిత్ అనే యువకుడు తయారుచేసిన 'లోడ్ రన్నర్' అనే ఆట వచ్చింది. అందులో కథానాయకుడికి ఎగరటం రాదు. నిచ్చెనలెక్కుతాడు, ఇటుకలలో గోతులు తవ్వుతాడు, వెంటపడే కాపలావాళ్ళను ఆ గోతులలో పడేసి బంగారం పట్టుకుపోతాడు. అందులో 150 లెవెళ్ళుండటమే కాక, ఎవరి లెవెల్ వారు గీసుకునే పనిముట్టు కూడా ఉన్నది. అయితే ఇంటర్నెట్ ఇంటింటికీ రాని రోజులవి. మీరు గీసినదాన్ని మరొకరు ఆడాలంటే డిస్కు చేతికియ్యాలి, లేదా ఆ మనిషి మీ ఇంటికి రావాలి.

2015లో నింటెండోవారే ఈ పనికి పూనుకున్నారు. 'సూపర్ మారియో మేకర్' అనే పేరుతో, వీ యూ అనే తమ యంత్రం కోసం, లెవెళ్ళు తయారుచేసే ఆటను అమ్మారు. చేతిలో పట్టుకునే పలక మీద గళ్ళ తెర ఉంటుంది. పుల్లలాంటి కలంతో ఇటుకలూ, గొట్టాలూ, గూంబాలూ, తాబేళ్ళూ పట్టి లాగి, కావలసిన గడిలో పెట్టటమే. పెట్టిన మరుక్షణమే ఆడి చూడవచ్చు. మీరు ఎగిరిన చోట మారియో నీడలు వరసగా తెర మీద నిలిచిపోతాయి. దాన్ని చూసి గొయ్యి ఒక గడి జరపాలో రెండు గళ్ళు జరపాలో సరిచూసుకోవచ్చు. తయారైన లెవెల్‌ను ఇంటర్నెట్ ద్వారా పంపితే ప్రపంచంలో ఎక్కడివారైనా ఆడవచ్చు. 2016 మే నెల నాటికే ఇలా పంపిన లెవెళ్ళు 70 లక్షలు దాటాయి. మొదటి ఆటలో ఉన్నవి 32 అని చెప్పాను గదా, లెక్క మీరే చూసుకోండి.

ఎందుకింత మోజు? కొందరి లెవెళ్ళు చూస్తే తెలుస్తుంది. ఒకటి ఇలా ఉంటుంది. మీరు ఒక్క బటను కూడా ముట్టుకోగూడదు. ముట్టుకుంటే చస్తారు. ఊరికే చూస్తుంటే స్ప్రింగులు మారియోను ఎగరేస్తాయి, కదిలే పట్టీలు మోసుకుపోతాయి, నిప్పుబంతులు వెంట్రుకవాసిలో తప్పిపోతాయి. చివరకు జెండా దగ్గర క్షేమంగా దిగుతాడు. మన పండగ పందిళ్ళలో కదిలే బొమ్మల కొలువు చూసినట్టుంటుంది. మరికొందరు తగలగానే స్వరం పలికే పెట్టెలను వరసలుగా పేర్చి, మారియో పరుగెత్తుతుంటే పాట మోగేటట్టు చేశారు. ఇటువంటివి కంపెనీలో జీతగాళ్ళకు తోచవు. తోచినా ఆటలో పెట్టరు. జెండా చేరటం తప్ప పనిలేని ఆటలో జెండాను మరిచిపోయి ఆడుకున్నది బయటివారే.

అంతకన్న పెద్ద ఆనందం మరొకటి ఉన్నది. మీరు గీసిన గోతిలో ఎక్కడో బ్రెజిలులోనో, ఫ్రాన్సులోనో ఒక మనిషి పడ్డాడని మీకు తెలుస్తుంది. ఆ ఆటలో చచ్చిపోయిన వెంటనే, అంతకు ముందు ఆడినవారు ఎక్కడెక్కడ చచ్చారో అక్కడంతా చిన్న ఇంటూ గుర్తులు కనిపిస్తాయి. ఒక గొయ్యి అంచున వందల గుర్తులు కుప్పగా ఉంటే, నవ్వూ వస్తుంది, 'అయ్యో, నేనొక్కడినే కాదు' అని ధైర్యమూ వస్తుంది. తయారుచేసినవారికి మాత్రం అది పరీక్ష జవాబుపత్రం లాంటిది. అందరూ ఒకేచోట చస్తున్నారంటే తప్పు ఆడేవారిదేనా అని ఆలోచించుకోవాలి.

కాని చాలామంది ఆలోచించుకోలేదు. 70 లక్షలలో చాలాభాగం విసుగుపుట్టించేవే. మొదటిసారి పనిముట్టు చేతికి రాగానే ఎవరైనా ఏమి చేస్తారు? కొత్తగా గాలిపటం చేసేవాడు దానికి నాలుగు తోకలు పెట్టినట్టు, ఒకే తెరలో ఇరవై తాబేళ్ళు, పది ఫిరంగులు పెడతారు. ఇంకొందరు ఆరు గొట్టాలు వరసగా పెట్టి, ఒక్కటే సరైన దారి, తక్కిన అయిదూ చావు అంటారు. ఇందులో నేర్పు ఎవరికి కావాలి? చీటీ తీసినట్టే గదా! కంటికి కనపడని ఇటుకను గోతి పైన పెట్టేవారు కూడా ఉన్నారు. ఎగరగానే తలకాయ దానికి కొట్టుకుని మారియో గోతిలో పడతాడు. మొదటిసారి నవ్వు వస్తుంది, పదోసారి ఆట మూసేస్తారు.

దీనికి కారణం దుర్మార్గం కాదు. తన లెవెల్‌ను తాను వందసార్లు ఆడినవాడికి అది కంఠతా వచ్చి ఉంటుంది. కనపడని ఇటుక ఎక్కడ ఉన్నదో అతనికి కనపడుతూనే ఉంటుంది. తనకు తేలికగా ఉన్నది గనక, కొంచెం కష్టం చేద్దామని ఇంకో గొయ్యి పెడతాడు. మా వీధి పొడుగుకాళ్ళ కుర్రవాడు కూడా మమ్మల్ని ఏడిపించాలని గీశాడనుకోను. తన కాళ్ళతో కొలుచుకున్నాడు, అంతే. మియమోతో, తెజుకాలకూ ఈ ప్రమాదం ఉన్నది. కాని వారు తమ ఆటను కొత్తవారి చేత ఆడించి చూసి దిద్దుకునేవారు. ఇంట్లో ఒంటరిగా గీసేవాడికి ఆ అవకాశం ఏదీ?

పనిముట్ల హద్దులు కూడా ఉన్నవి. 2015 నాటి ఆటలో ఏటవాలు నేల గియ్యటానికి వీలులేదు. 2019లో స్విచ్ అనే యంత్రానికి వచ్చిన రెండో ఆటలోనే అది కుదిరింది. కంపెనీ ఇచ్చిన జంతువులు తప్ప కొత్త జంతువును పుట్టించటానికి లేదు. అన్నిటికన్న ముఖ్యం, ఒక్కొక్క లెవెల్ విడిగా ఉంటుంది. మొదటిదానిలో నేర్చిన ఉపాయాన్ని అయిదోదానిలో పెద్దది చేసి, పదోదానిలో తలకిందులు చెయ్యటం అనేది విడి లెవెల్‌లో సాగదు. అది కథాసంకలనానికీ నవలకూ ఉన్న తేడా. ఈ లోటు తీర్చటానికి 2020 ఏప్రిల్‌లో రెండో ఆటకు ఒక మార్పు చేశారు. అప్పటినుంచి ఒకరు 40 లెవెళ్ళ దాకా తీసుకుని ఎనిమిది లోకాలుగా కూర్చవచ్చు.

ఇప్పుడు అసలు కట్టుబాటు దగ్గరికి వద్దాం. 'మారియో మేకర్'లో లెవెల్‌ను లోకం మీదికి పంపాలంటే, తయారుచేసినవారు ముందు తామే మొదటినుంచి జెండా దాకా ఆడి గెలవాలి. గెలిస్తేనే యంత్రం పంపనిస్తుంది. గీసినవారే ముందు గెంతాలి! ఇందువల్ల ఎవరూ గెలవలేని లెవెల్ అంటూ ఉండదని ధీమా. అయితే మన మేధావులు ఊరుకుంటారా? ఎక్కడో ఒక గోడ వెనక కనపడని ఇటుక దాచి, దాని మీదనుంచి ఎవరికీ తెలియని దొంగదారిలో జెండా చేరి, 'నేను గెలిచాను' అని పంపినవారున్నారు. అయినా దొంగదారి కూడా దారే. వెతికితే దొరుకుతుంది.

ఏ లెవెల్‌ను ఎన్నిసార్లు ఆడారు, ఎన్నిసార్లు గెలిచారు అనే లెక్క యంత్రం చూపిస్తుంది. తయారుచేసినవారు తప్ప మరెవ్వరూ గెలవని లెవెళ్ళు వేలకు వేలున్నవి. వాటి లెక్క సున్నా శాతం. 2017లో కొందరు ఆటగాళ్ళు ఇలాంటి లెవెళ్ళను ఒక్కటి కూడా మిగల్చకుండా గెలవాలని జట్టు కట్టారు. తమ జట్టుకు 'టీం జీరో పర్సెంట్' అని పేరు పెట్టుకున్నారు. 2021 మార్చి 31 తరవాత వీ యూ ఆటకు కొత్త లెవెళ్ళు పంపటం ఆగిపోయింది. దానితో వారి పనికి ఒక అంతు ఏర్పడింది. ఆ తరవాత నింటెండోవారు 2024 ఏప్రిల్‌లో ఆ యంత్రపు ఇంటర్నెట్ సౌకర్యాన్ని మూసేస్తామని ప్రకటించారు. అంటే ఆ రోజు లోపల గెలవని లెవెల్‌ను ఇక ఎవరూ గెలవలేరు. దాన్ని తయారుచేసినవారి శ్రమ ఎవరూ చివరిదాకా చూడకుండానే పోతుంది.

జట్టు పగలూ రాత్రీ ఆడింది. 2024 మార్చి నాటికి రెండే మిగిలాయి. ఒకదాని పేరు 'ద లాస్ట్ డాన్స్'. దాన్ని ఆ నెలలోనే ఒకరు గెలిచారు. మిగిలింది 'ట్రిమ్మింగ్ ద హెర్బ్స్'. 2017 నాటిది. అంతా కలిపి ఇరవై సెకన్లు కూడా పట్టదు. కాని ఆ కొద్ది సెకన్లలో, సెకనులో అరవయ్యో వంతు కూడా తేడా రాకుండా బటన్లు నొక్కాలి. దేశదేశాలవారు వేలసార్లు ప్రయత్నించారు. గెలుపు లేదు. అయినా ఎవరూ వదలలేదు. ఎందుచేతనంటే, ఒకరైనా దీన్ని గెలిచారని వారికి తెలుసు. గెలవకపోతే అది అక్కడ ఉండనే ఉండదు!

అప్పుడు దాన్ని తయారుచేసినవారు ఒక నిజం ఒప్పుకున్నారు. ఆ లెవెల్‌ను తాము చేతులతో గెలవలేదట. బటన్లు నొక్కే పనిని ఒక యంత్రానికి అప్పగించి, దాని చేత గెలిపించి పంపారట.

ఆ మాట విన్నవారికి ఎలా ఉంటుందో ఆలోచించండి. దొంగదారి పెట్టినవాడైనా ఏదో ఒక దారిన తాను నడిచాడు. ఇక్కడ గీసినవాడు గెంతనే లేదు. ఎవరో ముందు నడిచారనే నమ్మకంతో అంతమంది ఆ గోతిలో వేలసార్లు పడ్డారు. ఇది మోసమే అని నా అభిప్రాయం, ఆలస్యంగానైనా ఒప్పుకున్నందుకు మెచ్చుకోవాలి గాని. జట్టువారు ఆ లెవెల్‌ను లెక్కలోనుంచి తీసేసి, 'లాస్ట్ డాన్స్'తో తమ పని పూర్తయిందని ప్రకటించారు.

కథ అంతటితో అయిపోలేదు. మనిషి గెలిచిన దాఖలా లేదని తెలిసిన తరవాత కూడా కొందరు దాన్ని ఆడుతూనే ఉన్నారు. ఏప్రిల్ 5న వారిలో ఒకరు తన రెండు చేతులతో దాన్ని గెలిచారు. మరి మూడు రోజులకు, ఏప్రిల్ 8న, ఆ తలుపు మూతపడింది. ఇతరుల లెవెళ్ళలో తమ యంత్రాలలో దాచుకున్నవి మాత్రం ఎవరికి వారికి మిగిలాయి. ఇలాగే 2008లో ఇంగ్లండులో పుట్టిన 'లిటిల్ బిగ్ ప్లానెట్' అనే ఆటలో, గోనెగుడ్డ బొమ్మ కోసం ఆటగాళ్ళు లక్షలకొద్దీ లెవెళ్ళు చేశారు. ఆ ఆటల సర్వర్లను కూడా 2021లో కొన్నిటినీ, 2024లో మిగిలినవాటినీ మూసేశారు. అద్దె ఇంటి గోడ మీద వేసిన బొమ్మ ఎంత అందంగా ఉన్నా, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు వెంట తీసుకుపోలేం.

మీ ఇంట్లో ఈ యంత్రాలు ఉండకపోవచ్చు. ఫరవాలేదు, మియమోతో మొదలుపెట్టింది గళ్ళకాగితంతోనే గదా! లెక్కల నోటుపుస్తకంలో రెండు పుటలు తీసుకోండి. మీ బొమ్మమనిషి మూడు గళ్ళ ఎత్తు, నాలుగు గళ్ళ దూరం ఎగరగలడని నియమం పెట్టుకోండి. ఎడమనుంచి కుడికి నేల గియ్యండి, గోతులు పెట్టండి, అరుగులు పెట్టండి, చివర జెండా పాతండి. ముందు మీరే ఒక చింతగింజతో గళ్ళు లెక్కపెట్టుకుంటూ జెండా దాకా వెళ్ళండి. తరవాత దాన్ని మీ తమ్ముడికో, పక్కింటి అమ్మాయికో ఇచ్చి పక్కన కూచోండి. ఒకే ఒక్క షరతు: వారు ఆడుతున్నంతసేపూ మీరు ఒక్క మాట మాట్లాడగూడదు, వేలు చూపగూడదు. 'అక్కడ కాదు, ఇక్కడ!' అని అరవాలనిపిస్తుంది. అరవకండి. వారి చింతగింజ ఎక్కడ ఆగిపోతే అక్కడ పెన్సిలుతో ఒక ఇంటూ గుర్తు పెట్టండి. ముగ్గురి చేత ఆడించి, ఆ గుర్తులున్న చోట రబ్బరుతో చెరిపి, మళ్ళీ గియ్యండి.